కబ్‌లో లాక్ హేవెన్‌కు: ఒక ల్యాండింగ్, దాని అసలు కారణం

నా దగ్గర టెయిల్‌వీల్ శిక్షణ తీసుకున్న ఒక గుంటూరు అబ్బాయి గత జూన్‌లో ఫోన్ చేసి, "అక్కా, మన కబ్‌లో లాక్ హేవెన్ ఫ్లై-ఇన్‌కు వెళ్దామా?" అని అడిగాడు. కబ్ అంటే తోక కింద చిన్న చక్రం (టెయిల్‌వీల్) ఉండే పాత చిన్న విమానం. ఫ్లై-ఇన్ అంటే ఇలాంటి విమానాలవాళ్లంతా ఎగిరొచ్చి ఒకచోట కలుసుకునే పండగ. వెళ్లాం, తిరిగొచ్చాం. విమానానికి గీత కూడా పడలేదు. కానీ ఇంధనం కోసం మధ్యలో దిగిన చోట విమానం రన్‌వే వదిలి పక్కనున్న గడ్డిలోకి పోయింది. ఎందుకు పోయిందో తేల్చుకోవడానికి ఆ మధ్యాహ్నం అంతా పట్టింది. మొదట అనుకున్న కారణం సరిపోలేదు. రెండోది సగమే నిజం. మూడోది దొరికాక నేను పాఠం చెప్పే పద్ధతి మార్చుకున్నాను. పాత విమానాలు నేర్చుకుంటున్న మన వాళ్లు ఇప్పుడు అమెరికాలో అక్కడక్కడా కనిపిస్తున్నారు. వాళ్లకు పనికొస్తుందని మొత్తం రాస్తున్నాను.

విమానం, మనుషులు

అది 1946లో తయారైన పైపర్ జె-3 కబ్. ఉక్కు గొట్టాల చట్రం మీద బట్ట కప్పి, రంగు వేసిన విమానం. 65 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఎ-65 ఇంజిన్. రెక్కల పొడవు 35 అడుగులకు కాస్త ఎక్కువ. ముందొకరు, వెనకొకరు కూర్చుంటారు. ఒక్కరే ఎగరాలంటే వెనక సీట్లోనే కూర్చోవాలి, లేకపోతే బరువు ముందుకు పోతుంది. బ్యాటరీ లేదు, స్టార్టర్ లేదు, చేత్తో ప్రొపెల్లర్ తిప్పి స్టార్ట్ చేయాలి. దిగేటప్పుడు రెక్కల వెనక కిందికి వంచే పలకలు, ఫ్లాప్స్, కూడా లేవు. 12 గ్యాలన్ల ట్యాంకు ముందు సీటు వాళ్ల కాళ్ల పైన ఉంటుంది. ఎంత మిగిలిందో చెప్పేది ఇంజిన్ కవర్ మీద మూతలోంచి పైకి పొడుచుకొచ్చిన ఒక వైరు. దాని కింద చివర బెండు ముక్క తేలుతూ ఉంటుంది. ఇంధనం తగ్గేకొద్దీ వైరు దిగుతుంది. దానికి మించిన మీటరు ఏదీ ఉండదు.

మన దేశంలో ఫ్లయింగ్ క్లబ్బుల సంగతి తెలిసిన పాతతరం వాళ్లకు పుష్పక్ గుర్తుండే ఉంటుంది. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వాళ్లు బెంగళూరులో తయారుచేశారు. 1958లో మొదటిసారి ఎగిరింది. అందులో ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు కానీ తీరు ఒకటే: రెక్క పైన, ఒంటి నిండా బట్ట, తోక కింద చిన్న చక్రం. పుష్పక్ నడిపినవాళ్లు ఎవరైనా కబ్ ఎక్కితే పది నిమిషాల్లో చేయి కుదురుతుంది.

ఆ అబ్బాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సెస్నా 172 మీద ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తీసుకున్నాడు. తర్వాత నా దగ్గర టెయిల్‌వీల్ ఎండార్స్‌మెంట్ (ఇలాంటి విమానం నడపగలడని శిక్షకులు పెట్టే సంతకం) తీసుకుని ఈ కబ్ కొన్నాడు. విమానం ఉండేది డెలావేర్ నది పక్కన ఒక వెడల్పాటి గడ్డి మైదానంలో. అతని ల్యాండింగులు చాలావరకు ఆ గడ్డి మీదే జరిగాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

పెన్సిల్వేనియాలోని లాక్ హేవెన్ ఎందుకంటే, కబ్‌లకు అది పుట్టిల్లు. విలియం పైపర్ నూనె బావుల వ్యాపారి. 1930లో టేలర్ సోదరుల కంపెనీ దివాలా తీస్తే దాని ఆస్తుల్ని 761 డాలర్లకు కొన్నాడు. 1937లో బ్రాడ్‌ఫర్డ్‌లోని ఫ్యాక్టరీ తగలబడిపోతే, లాక్ హేవెన్‌లో మూతపడిన పట్టు మిల్లులోకి మారారు. ఆ తర్వాత పదేళ్లలో ఇంచుమించు 20,000 జె-3లు తయారయ్యాయి. ఆ ఊళ్లో ప్రతి జూన్‌లో జరిగే సెంటిమెంటల్ జర్నీ ఫ్లై-ఇన్‌కు వాటిలో కొన్ని తిరిగొస్తాయి. పగలంతా విమానాలు లేస్తూ దిగుతూ ఉంటాయి, రాత్రి రెక్కల కింద టెంట్లు వేసుకుని పడుకుంటారు. ఆ పసుపు రంగు, దాని మీద మెరుపు తీగలాంటి నల్లగీత పొద్దుటి ఎండలో వరసగా నిలబడితే చూడాలి. నేను చాలాసార్లు చూశాను, ఇంకా తనివి తీరలేదు.

లెక్కలు

దారి సుమారు 135 మైళ్లు. కబ్ గాలిలో గంటకు 70 మైళ్ల పైచిలుకు పోతుంది. ఆ రోజు ఎదురుగాలి 15 మైళ్లు. అంటే నేల మీద లెక్కన 57. ఏకబిగిన పోతే రెండు గంటల ఇరవై నిమిషాలు, గంటకు 4.3 గ్యాలన్ల లెక్కన 10 గ్యాలన్లు ఖర్చు. పగటిపూట చట్టప్రకారం అరగంట నిల్వ ఉండాలి, అదింకో 2 గ్యాలన్లకు పైన. మొత్తం 12 దాటుతోంది. కాబట్టి మధ్యలో దిగక తప్పదు. సస్కెహానా నది ఒడ్డున ఒక చిన్న ఎయిర్‌పోర్ట్ ఎంచుకున్నాం. ఇంటి నుంచి 85 మైళ్లు, అక్కడి నుంచి లాక్ హేవెన్‌కు 50 పైన.

బరువు లెక్క ఇంకా కటువైనది. కబ్ మొత్తం 1,220 పౌండ్లు దాటకూడదు. ఈ విమానం ఖాళీ బరువు 800. ఇంధనం 72, ఆయిల్ 8. ఇక మనుషులకూ సామానుకూ కలిపి మిగిలింది 340. అతను 176, నేను 148. మిగిలిన 16 పౌండ్లలో నీళ్ల సీసాలు, విమానాన్ని కట్టేసే తాళ్లు, మ్యాపులు, చేతి రేడియో. టెంటుకు చోటు లేదు. అందుకని అతని భార్య, పిల్లలు టెంటు, దుప్పట్లు, రెండు డబ్బాల పులిహోరతో కారులో ఇంటర్‌స్టేట్ 80 మీదుగా బయలుదేరారు. వాళ్లు మాకంటే ముందే చేరతారని అందరికీ తెలుసు. పిల్లలు మాత్రం నాన్న విమానం దిగడం చూడాలని పట్టుబట్టారు. ఈ మాట కూడా గుర్తుపెట్టుకోండి.

ఉదయం ఏడింటికి లేవాలనుకున్నాం. అతనికి ఆఫీసు కాల్ ఒకటి తగిలింది. తొమ్మిదీ నలభైకి లేచాం. జూన్‌లో పెన్సిల్వేనియా కొండల మీద ఏడింటి గాలి వేరు, పదకొండింటి గాలి వేరు. నేల వేడెక్కాక పైనున్న గాలి వేగం కిందికి దిగుతుంది, గస్ట్‌లు, అంటే ఉండుండి ఒక్కసారిగా కొట్టే విసురుగాలులు, మొదలవుతాయి. ఆ రెండు గంటల నలభై నిమిషాల ఆలస్యంతో మేం వేసుకున్న ప్లాన్‌కు కాలం చెల్లింది. అప్పుడే కూర్చుని కొత్తగా ఆలోచించాల్సింది. పాత ప్లాన్‌తోనే వెళ్లాం.

గాలిలో

స్టార్టింగ్ తంతు మాత్రం తీరిగ్గా చేశాం, అందులో తొందరకు చోటివ్వను. తోకకు తాడు కట్టి, అతను వెనక సీట్లో మడమలతో బ్రేకులు నొక్కిపట్టాడు. నేను ప్రొపెల్లర్ వెనక, తలుపు పక్కన నిలబడ్డాను. "స్విచ్ ఆఫ్?" "ఆఫ్." "థ్రాటిల్?" "మూసే ఉంది." రెండు తిప్పులు. "కాంటాక్ట్." మూడో తిప్పుకు అందుకుంది. తలుపు పక్కన నిలబడితే మోకాలు, చేయి రెండూ ప్రొపెల్లర్‌కు వెనకే ఉంటాయి. ముందు నిలబడి తిప్పడం కంటే నాకు ఇదే ఇష్టం.

కబ్ కుడిపక్క తలుపు రెండు ముక్కలు. పైముక్క రెక్కకు తగిలిస్తాం, కిందిముక్క కిందికి వేలాడుతుంది. తెరుచుకునే ఎగరొచ్చు. కొత్తవాళ్లకు నేను మొదట చూపించేది ఈ తలుపునే. వేగం తగ్గి స్టాల్ (రెక్కలు ఇక విమానాన్ని మోయలేని స్థితి) దగ్గరపడుతుంటే కిందిముక్క తనంతట తాను పైకి తేలుతుంది. వార్నింగ్ హారన్ లేని విమానానికి తలుపే హారన్. అలాగే మలుపు సరిగా తిరగకపోతే గాలి ఒక చెంపకు కొడుతుంది. కబ్‌లో ఐలరాన్ (రెక్క వెనక అంచున ఉండి రెక్కను వంచే పలక) వేస్తే ముక్కు మొదట ఎదురుదిక్కుకు పోతుంది. కుడికి తిరుగుదామని స్టిక్ (చేత్తో పట్టుకుని నడిపే కర్ర) కుడికి పెడితే ముక్కు ఎడమకు జారుతుంది, కాళ్లతో నడిపే తోక పలక, రడ్డర్, కలిపితేనే దారిలోకి వస్తుంది. కొత్త విమానాల్లో డిజైనర్లు దీన్ని చాలావరకు అణిచేశారు. కబ్‌లో ఆ పని పైలట్ కాళ్లు చేయాలి. ఆ అబ్బాయి కాళ్లు గాలిలో చక్కగా పనిచేస్తున్నాయి. నా చెంపకు గాలి తగల్లేదు.

అలెన్‌టౌన్ ఎయిర్‌పోర్ట్ చుట్టూ ఉన్న క్లాస్-సి గగనతలానికి (కంట్రోలర్లతో మాట్లాడాకే అందులోకి వెళ్లాలి) తూర్పుగా చుట్టి, విండ్ గ్యాప్ దగ్గర కొండ దాటాం. అది బ్లూ మౌంటెన్ గట్టులో ఒక గండి. పేరుకు తగ్గట్టే గాలి అక్కడ ఇరుక్కుని దూసుకొస్తుంది. వాయవ్యం నుంచి గాలి వస్తుంటే మేం వచ్చేది గట్టుకు వెనకవైపు నుంచి, అంటే గాలి కిందికి దొర్లే వైపు నుంచి. 65 హార్స్‌పవర్ మీద ఇద్దరితో నిమిషానికి మూడు, నాలుగు వందల అడుగులు ఎక్కడమే గొప్ప. గాలి అంతకంటే వేగంగా దిగుతుంటే ఇంజిన్ పూర్తిగా తెరిచినా కిందికే పోతాం. అందుకని దూరం నుంచే 3,000 అడుగులకు ఎక్కి, గట్టుకు ఏటవాలుగా, 45 డిగ్రీల కోణంలో వెళ్లాం. నేరుగా ఎదురెళ్తే వెనక్కి తిరగడానికి చాలా తిరగాలి, ఏటవాలుగా వెళ్తే కొద్దిగా తిరిగితే చాలు. ఒకసారి 300 అడుగులు జారాం, అంతే. పైనుంచి చూస్తే రోడ్డు మీద లారీలు మమ్మల్ని దాటిపోతున్నాయి.

బెర్విక్ దగ్గర అణు విద్యుత్ కేంద్రం కూలింగ్ టవర్లు చాలా దూరం నుంచే కనబడ్డాయి. వాటి ఆవిరి నిలువుగా లేవకుండా ఆగ్నేయానికి వాలి, మధ్యమధ్య తెగి ముక్కలవుతోంది. గాలి దిక్కే కాదు, గస్ట్‌లు కూడా ఆవిరిలో రాసున్నట్టే. నేను దాన్ని చూశాను, అతనికి చూపించాను. చూపించి ఊరుకున్నాను.

దిగిన తీరు

చేతి రేడియోలో వాతావరణం విన్నాం. గాలి 320 డిగ్రీల నుంచి 8 నాట్లు, గస్ట్ 13. రన్‌వే పడమరకు, 260. మధ్య కోణం 60 డిగ్రీలు. అంటే కుడిపక్క నుంచి కొట్టే భాగం 7 నాట్లు, గస్ట్ వచ్చినప్పుడు 11. ఆ అబ్బాయికి మేం ముందే పెట్టుకున్న హద్దు 8. నేను 7ను లెక్కలోకి తీసుకున్నాను, 11ను తీసుకోలేదు. నిర్ణయాల్లో నా మొదటి తప్పు ఇది.

తారు రన్‌వే, సన్నది. అతను బాగానే వచ్చాడు. కుడి రెక్క వంచి, ఎడమ రడ్డర్ నొక్కి, ముక్కు రన్‌వే గీత మీద పెట్టాడు. గంటకు 55 మైళ్లు. మూడు చక్రాలూ దాదాపు ఒక్కసారే తగిలాయి. పెద్దగా ఎగిరిపడలేదు. ఒక 50 అడుగులు నేరుగా దొర్లాం.

అప్పుడు నా మోకాళ్ల మధ్య ఉన్న స్టిక్ ఎడమకు కదిలింది. ముందు, వెనక స్టిక్‌లు కలిసే ఉంటాయి కాబట్టి అతను కదిపితే నాకు కనిపిస్తుంది. ఏదో గస్ట్‌ను సరిచేస్తున్నాడనుకున్నాను. అలా అనుకోవడానికి పట్టిన అరసెకను నా రెండో తప్పు. కుడి రెక్క లేచింది. ముక్కు కుడికి, గాలికి ఎదురు తిరగడం మొదలుపెట్టింది. అతను ఎడమ రడ్డర్ నొక్కాడు. ఏమీ జరగలేదనిపించి ఇంకా నొక్కాడు, మడమతో ఎడమ బ్రేకు కూడా నొక్కాడు. అన్నీ ఒక్కసారి పట్టుకున్నాయి. ముక్కు కుడి నుంచి ఎడమకు విసురుగా తిరిగింది.

"నాకివ్వు" అన్నాను. థ్రాటిల్ మూసి, స్టిక్‌ను కుడి వెనక మూలకు లాగి, కుడి రడ్డర్ పూర్తిగా నొక్కాను. తిరగడం ఆగింది కానీ అప్పటికే మేం రన్‌వే ఎడమ అంచు దాటుతున్నాం. అంచు దీపానికి నాలుగడుగుల దూరం. గడ్డిలోకి వెళ్లగానే విమానం మెత్తబడింది. గడ్డి మీద టైర్లు జారతాయి, తారులా పట్టుకోవు. ఇరవై అడుగుల్లో ఆగాం. ఇంజిన్ ఆపేశాక చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

"సారీ అక్కా" అన్నాడు చివరికి. "దిగు, ముందు విమానం చూద్దాం" అన్నాను. చక్రాల కాళ్లు, వాటి లోపలి రబ్బరు బంజీలు, రెక్కల కొసలు, ప్రొపెల్లర్, అడుగున బట్ట, అన్నీ వేళ్లతో తడిమి చూశాం. ఎక్కడా దెబ్బలేదు. ఇద్దరం తోక పట్టుకుని తోసుకుంటూ పార్కింగ్‌కు తెచ్చాం. ఈలోపు అతని ఫోను మోగింది, పిల్లలు లాక్ హేవెన్ చేరిపోయారట. "నాన్నా, ఎక్కడున్నావ్?"

మొదటి అనుమానం: గాలి

గాలి ఎక్కువైంది, అందుకే జరిగింది అని అతను అన్నాడు. కబ్ లాంటి విమానాలకు పక్కగాలి ఇబ్బందే, దానికి చరిత్ర ఉంది. ఇవి పుట్టిన రోజుల్లో చాలాచోట్ల విమానాశ్రయం అంటే విశాలమైన మైదానం. గాలి ఎటునుంచి వస్తే అటు తిరిగి దిగేవాళ్లు. పక్కగాలిలో సన్నటి తారు రోడ్డు మీద దిగాల్సిన అవసరం అరుదు.

టెయిల్‌డ్రాగర్ (తోకచక్రం విమానం) నేల మీద ఎందుకు తిరిగిపోతుందో కూడా చెప్పాలి. బాణాన్ని మొన ముందుకు పెట్టి విసిరితే నేరుగా పోతుంది. ఈకలు ముందుకు పెట్టి విసిరితే గాలిలోనే తిరగబడుతుంది, ఎందుకంటే బరువంతా వెనకుంది. ఈ విమానాల్లో బరువు కేంద్రం ప్రధాన చక్రాలకు వెనక ఉంటుంది. ముక్కు కొద్దిగా పక్కకు పోతే వెనక బరువు దాన్ని ఇంకా తోస్తుంది. సెస్నా 172లో బరువు చక్రాలకు ముందుంటుంది కాబట్టి తప్పు చేసినా విమానమే సర్దుకుంటుంది. కబ్‌లో తప్పు తనను తాను పెంచుకుంటుంది. దానికి తోడు నేల మీద వేగం తగ్గేకొద్దీ రడ్డర్‌కు గాలి చాలదు, ఆ పని తోకచక్రం అందుకోవాలి. రడ్డర్ వదిలేసి, తోకచక్రం ఇంకా పూర్తిగా అందుకోని ఆ నాలుగైదు సెకన్లే ప్రమాదకరం. స్టిక్‌ను కడుపులోకి లాగి తోకను నేలకు అదిమిపెట్టమనేది అందుకే.

ఇదంతా నిజమే. కానీ గాలే కారణమైతే గస్ట్ వచ్చినప్పుడు మొదట రెక్క లేవాలి, తర్వాత స్టిక్ కదలాలి. నేను చూసింది తలకిందులు: మొదట స్టిక్ కదిలింది, తర్వాత రెక్క లేచింది.

రెండో అనుమానం: తోక

అక్కడి హ్యాంగర్‌లో ఒక పెద్దాయన ఉన్నారు, డెబ్భై దాటిన మెకానిక్. మేం గడ్డిలోకి పోవడం ఆయన కళ్లారా చూశారు. ఏమీ అనలేదు. వచ్చి తోక దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, తోకచక్రానికీ రడ్డర్‌కూ మధ్యనున్న స్ప్రింగులు, గొలుసులు ఊపి చూశారు. ఎడమ స్ప్రింగు సాగిపోయింది, గొలుసు వేలాడుతోంది. "ఎడమ రడ్డర్ నొక్కితే ముందు ఈ వదులంతా తినాలి, ఆ తర్వాతే చక్రం తిరుగుతుంది" అన్నారు.

అతను ఎడమ రడ్డర్ నొక్కినప్పుడు ఏమీ జరగలేదని ఎందుకనిపించిందో అర్థమైంది. వదులు పోయేదాకా స్పందన లేదు, కాబట్టి ఇంకా నొక్కాడు, బ్రేకు కూడా జోడించాడు. తర్వాత అన్నీ కలిసి పట్టుకున్నాయి. ఎడమకు విసురుగా తిరగడానికి కారణం ఇది. పొద్దున చెకింగ్‌లో ఆ గొలుసును మేమిద్దరం కళ్లతో చూశాం, చేత్తో ఊపలేదు. ఆయన ఒక లింకు తగ్గించి, స్ప్రింగు మార్చి, లాగ్‌బుక్‌లో రాసి సంతకం పెట్టారు.

ఇక్కడితో సరిపెట్టుకుని బయలుదేరే వీలుంది. వస్తువు దొరికింది, బాగుచేశాం, పిల్లలు ఎదురుచూస్తున్నారు. కానీ స్ప్రింగు వివరించేది రెండో మలుపును. మొదటి మలుపు, అంటే కుడి రెక్క లేచి ముక్కు కుడికి పోవడం, దానికి ముందు స్టిక్ ఎడమకు పోవడం, వీటికి స్ప్రింగుతో సంబంధం లేదు.

మూడోది

"స్టిక్ ఎందుకు ఎడమకు పెట్టావు?" అని అడిగాను. "పెట్టలేదక్కా, కుడికే పట్టుకున్నాను" అన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. అతను కుడికే పట్టుకున్నాననుకున్నాడు.

అతన్ని మళ్లీ వెనక సీట్లో కూర్చోబెట్టాను. నేను ముందు కూర్చున్నాను. విమానం మూడు చక్రాల మీద నిలబడి ఉంది, ముక్కు ఆకాశానికి ఎత్తుకుని, దిగినప్పుడు ఉన్నట్టే. "స్టిక్ కుడి వెనక మూలకు పట్టుకో. ఇప్పుడు రన్‌వే ఎడమ అంచు ఎక్కడుందో చెప్పు."

నా మోకాళ్ల మధ్య స్టిక్ రెండంగుళాలు ఎడమకు వచ్చింది.

మళ్లీ అడిగాను. మళ్లీ వచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే విషయం కనబడింది. అతనికి ముందు నేను అడ్డం, నా ముందు ఇంజిన్ అడ్డం. అంచు చూడాలంటే కళ్లు తిప్పితే సరిపోవడం లేదు, తల, భుజం, నడుము మొత్తం ఎడమకు వంగుతున్నాయి. కుడిచేయి గాలిలో వేలాడుతూ స్టిక్ పట్టుకుంది కాబట్టి ఒళ్లు ఎటు వంగితే చేయీ అటే వస్తోంది. అతని మనసులో చేయి కదల్లేదు. స్టిక్ లెక్కలో మాత్రం కుడి ఐలరాన్ పోయి ఎడమ ఐలరాన్ వచ్చింది, లేవబోతున్న కుడి రెక్కను ఇంకా లేపింది.

మరి ఇంటి దగ్గర అన్ని ల్యాండింగుల్లో ఇది ఎందుకు బయటపడలేదు? ఆ గడ్డి మైదానం అంత వెడల్పుగా ఉంటుంది, అంచు ఎక్కడుందో వెతకాల్సిన పనిలేదు. అక్కడ అతను ఎప్పుడూ వంగలేదు. ఇక్కడ సన్నటి తారు మీద అంచు కనబడక వంగాడు. వెడల్పాటి గడ్డి మీదే నేర్పి, గడ్డి మీదే సంతకం పెట్టింది నేను. గడ్డి పాత విమానాలకు మంచిది, టైర్లకు మంచిది, నేర్చుకునేవాళ్ల ధైర్యానికి మంచిది. దాని మంచితనం కొన్ని తప్పులను దాచిపెడుతుందని నేను తలచుకోవాల్సింది. ఇన్నేళ్లలో నేను విద్యార్థుల చేతులు, కాళ్లు చూశాను. నడుము చూడలేదు, నేను ముందు సీట్లో ఉంటాను కాబట్టి నాకు కనబడదు కూడా. కనబడేది స్టిక్ ఒక్కటే. ఇకముందు నేల మీద దొర్లుతున్నప్పుడు స్టిక్ కదిలితే దాన్ని గస్ట్ సవరణ అనుకోను.

విరుగుడు చిన్నదే. హ్యాంగర్‌లో పెద్దాయన దగ్గర రెండంగుళాల కుషన్ దొరికింది, అతని కింద వేశాం. ఇప్పుడు నా రెండు భుజాల పక్కనుంచీ నేల కనబడుతోంది. కుడి ముంజేయిని కుడి తొడకు ఆనించి, స్టిక్‌ను వేళ్లతో పట్టుకోమన్నాను. తొడకు ఆనిన చేయి నడుము వంగినా రాదు. చూపు ఒకే అంచు మీద పెట్టొద్దు, రెండు పక్కలా అంచులు ఒకేలా దగ్గరవుతున్నాయో లేదో కళ్లు మాత్రమే తిప్పి చూడాలి. నేను నా స్టిక్‌కు ఒక వేలు ఆనించి కూర్చుని, "ఎడమ చూడు, కుడి చూడు, రేడియో చూడు" అని అరగంట చేయించాను. మొదటి పది నిమిషాలు స్టిక్ కదులుతూనే ఉంది. తర్వాత ఆగింది.

సాయంత్రం

అతను పిల్లలకు ఫోన్ చేసి, "సాయంత్రం వస్తాను, మీరు పులిహోర తినేయండి" అని చెప్పాడు. ఆ ఫోన్ చేయడం అతనికి ఎంత కష్టమో నాకు కనబడింది. కానీ ఆ ఒక్క ఫోన్‌తో మా ఇద్దరి భుజాల మీది టెన్షన్ దిగిపోయింది. ఆరు దాటాక విండ్‌సాక్ (గాలి దిక్కు, జోరు చూపే గుడ్డ గొట్టం) సగం వాలింది. అదే తారు మీద మూడు ల్యాండింగులు చేశాడు. మూడింట్లో స్టిక్ కుడి వెనక మూల నుంచి కదల్లేదు, రెండోదాంట్లో చిన్న గస్ట్ వచ్చినా.

అక్కడి నుంచి లాక్ హేవెన్ దారి నేను ఎగిరిన వాటిలో అందమైన వాటిలో ఒకటి. గాలి పడిపోయింది. విలియమ్స్‌పోర్ట్‌లో టవర్ ఉంది కాబట్టి దాన్ని ఉత్తరాన వదిలేసి, గట్టుకు ఈవలగా పోయి, తర్వాత నది దగ్గరకు చేరాం. తలుపు తెరిచే ఉంది. కోసిన గడ్డి వాసన అంత ఎత్తుకూ వస్తోంది. లాక్ హేవెన్‌లో టవర్ లేదు. ఎడమన బాల్డ్ ఈగిల్ పర్వతం గోడలా, కుడిన సస్కెహానా పడమటి పాయ, మధ్యలో రన్‌వే. ముందు రెండు కబ్‌లు, వెనక ఒక పసుపు చుక్క, అందరిదీ ఒకే నిదానం. ఫ్లై-ఇన్‌లో పెద్ద ప్రమాదం తొందరపడి ముందువాణ్ణి తరుముకుపోవడం. కబ్ అంత నెమ్మదైన విమానానికి కూడా ముందున్నది ఇంకా నెమ్మదిది కావచ్చు. అందుకని దూరం ఎక్కువ వదిలాం. ఇంజిన్ తగ్గించేముందు కార్బ్ హీట్ (కార్బురేటర్‌కు వేడిగాలి పంపే మీట) లాగాడు, ఈ ఇంజిన్ కార్బురేటర్‌లో మంచు తొందరగా పడుతుంది, నది పక్కన తేమ గాలిలో మరీను. ఎత్తు కాస్త ఎక్కువైతే రెక్క వంచి, ఎదురు రడ్డర్ నొక్కి, పక్కవాటుగా జారుతూ దిగాడు. ఫ్లాప్స్ లేని విమానానికి అదే ఫ్లాప్. గడ్డి మీద మూడు చక్రాలూ కలిసి తగిలాయి. పిల్లలు కంచె దగ్గర ఎగురుతున్నారు. నేను వాళ్లను చూడలేదు, విమానం ఆగేదాకా నా కళ్లు స్టిక్ మీదే ఉన్నాయి.

ఆదివారం తిరుగు ప్రయాణంలో గాలి వెనకనుంచి వస్తోంది, ఇంధనం కోసం ఆగాల్సిన అవసరమే లేదు. అయినా ఆ నది ఒడ్డు ఎయిర్‌పోర్ట్‌లో దిగాం. కుడి నుంచి 6 నాట్ల పక్కగాలి. అతను దిగి, దొర్లి, గీత మీదే ఆగాడు. మెకానిక్ పెద్దాయన హ్యాంగర్ నుంచి బయటికొచ్చి, మాతో మాట్లాడకముందే తోక దగ్గర వంగి, ఎడమ గొలుసును వేలితో ఊపి చూసి, తల ఊపి, కాఫీకి రమ్మని లోపలికి వెళ్లారు.